టెక్ సందేహాలు: కాలీఫ్లవర్‌కు వైఫై ఎందుకండీ?

"ఎయిర్ ఫ్రైయర్ కొని నాలుగు నెలలైంది. యాప్‌లో 'కాలీఫ్లవర్' ప్రీసెట్ నొక్కితే అంచులు మాడుతున్నాయి, ముక్క మాత్రం ఉడకేసినట్టు మెత్తగా ఉంటోంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినా అంతే. లోపం మిషన్‌దా, యాప్‌దా?"
– బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక పాఠకురాలు

రెండింటిదీ కాదమ్మా, నీళ్ళది. ఈ మధ్య నాకొచ్చే ఉత్తరాల్లో ఫోన్ బ్యాటరీ తర్వాత స్థానం ఈ కాలీఫ్లవర్‌దే. అప్‌డేట్ చేశామని అందరూ రాస్తారు. ముక్కలు ఆరబెట్టామని ఒక్కరూ రాయరు.

కాలీఫ్లవర్‌లో నూటికి 92 పాళ్ళు నీరే. దానికి తోడు పురుగుల భయంతో ఉప్పూ పసుపూ వేసిన వేడినీళ్ళలో ముంచి తీస్తాం. ముంచాల్సిందే. మడివాళ మార్కెట్‌లో వానాకాలం తెచ్చిన పువ్వునైతే రెండుసార్లు ముంచినా తప్పులేదు. కానీ ఆ గుబురులో ఇరుక్కున్న నీళ్ళు జల్లెడలో వేసినంత మాత్రాన పోవు. అరకిలో ముక్కలకు 50 గ్రాముల నీళ్ళు అంటుకుని ఉన్నాయనుకోండి. 1500 వాట్ల ఫ్రైయర్ తన వేడంతా వాటికే పెట్టినా ఆవిరి కావడానికి నిమిషన్నర దాకా పడుతుంది. వేడిలో చాలా భాగం బుట్టకీ, గాలికీ, ముక్క లోపలికీ పోతుంది కాబట్టి నిజంగా పట్టేది ఇంకా ఎక్కువ. అంతసేపూ మీ ముక్క వేగడం లేదు, ఇడ్లీలాగా ఆవిరి మీద ఉడుకుతోంది.

ఇక ప్రీసెట్ సంగతి. బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా దాని వెనక ఉన్నవి రెండే అంకెలు: ఇన్ని డిగ్రీలు, ఇన్ని నిమిషాలు. నేను విప్పి చూసిన ఫ్రైయర్లలో ఉన్నది గాలి వేడిని కొలిచే చిన్న సెన్సర్ ఒక్కటే. బుట్టలో పావుకిలో ఉందో అరకిలో ఉందో, తడిగా ఉందో పొడిగా ఉందో దానికి తెలియదు. అప్‌డేట్ చేస్తే మాత్రం ఎలా తెలుస్తుంది?

కాబట్టి ముంచి తీసిన ముక్కల్ని పాత తుండు మీద పరిచి ఫ్యాన్ కింద అరగంట వదిలేయండి. అరకిలోకు ఒక పెద్ద చెంచా నూనె ముందు పట్టించి, తర్వాత రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, ఒక చెంచా బియ్యప్పిండి, కారం పొడిగానే చల్లి కలపండి. ఉప్పు బుట్టలో వేసే ముందే, లేకపోతే మళ్ళీ నీళ్ళూరతాయి. బజ్జీ పిండిలా జారుగా మాత్రం కలపొద్దు. కడాయిలో కాగిన నూనె పిండిని నలువైపులా పట్టి క్షణాల్లో గట్టిపరుస్తుంది. గాలికి అంత సత్తా లేదు, పిండి గట్టిపడేలోపే బుట్ట కంతల్లోంచి కారిపోతుంది. ముక్కలు ఒకే వరసలో పేర్చాలి, ఒకదాని మీద ఒకటి పడకూడదు. అరకిలో అయితే రెండు విడతలు. 180 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కుదపడం, చివర్లో 200 దగ్గర మూడు నాలుగు నిమిషాలు. మీ మిషన్‌ను బట్టి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ. అప్పుడు పైన కరకరలాడుతుంది. లోపల మెత్తగానే ఉంటుంది, కాలీఫ్లవర్ అంటేనే అది.

సందు చివర బండి మీది గోబీ మంచూరియా రుచి వస్తుందా అంటే, రాదు. ఆ ఎరుపు రాకపోవడం మాత్రం మీ అదృష్టం. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల్ని నిషేధించింది ఎందుకనుకున్నారు? పరీక్షించిన 171 నమూనాల్లో 107 సురక్షితం కానివని తేలింది. కాశ్మీరీ కారం వాడండి.

"ఫ్రైయర్ యాప్ లొకేషన్, మైక్రోఫోన్, కాంటాక్ట్స్ అన్నీ అడుగుతోంది. 'అనుమతించు' నొక్కకపోతే ముందుకు కదలదు. నొక్కేయొచ్చా?"
– బీటీఎం లేఅవుట్ పీజీ నుంచి

నొక్కేశాక అడుగుతున్నట్టుంది మీ వాలకం. సరే.

లొకేషన్ విషయంలో యాప్‌ను మరీ తిట్టక్కర్లేదు. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు, చుట్టుపక్కల ఉన్న బ్లూటూత్ పరికరాన్ని వెతకాలన్నా లొకేషన్ అనుమతి ఉండాల్సిందే. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి 'దగ్గరి పరికరాలు' అని వేరే అనుమతి పెట్టారు. మీది పాత ఫోనైతే జత కుదిరేదాకా ఇచ్చి, వెంటనే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తీసేయండి.

మైక్రోఫోన్, కాంటాక్ట్స్ మాత్రం ఇవ్వొద్దు. వంకాయలు వేయించడానికి మీ మాటలు వినాల్సిన పనేముంది? ఇది నా ఒక్కడి అనుమానం కాదు. 2024 నవంబరులో బ్రిటన్‌లోని వినియోగదారుల సంస్థ 'విచ్?' మూడు స్మార్ట్ ఎయిర్ ఫ్రైయర్లను పరీక్షిస్తే, మూడింటి యాప్‌లూ ఫోన్లో మాటలు రికార్డు చేసే అనుమతి అడిగాయి. ఎందుకో చెప్పలేదు. అడిగినంత మాత్రాన వింటున్నట్టు కాదనే వాదన ఉంది, నిజమే. ఇంటి తాళంచెవి అడిగినవాడు దొంగ అని నేనూ అనను, ఇవ్వను అంతే.

నాకు నిద్రపట్టనిది మైక్రోఫోన్ గురించి కాదు, స్టార్ట్ బటన్ గురించి. బల్బును ఎవడో దూరం నుంచి వెలిగిస్తే కరెంటు బిల్లు పెరుగుతుంది. ఫ్రైయర్‌ను వెలిగిస్తే బుట్టలో గాలిని 200 డిగ్రీల దాకా కాల్చే కాయిల్ వేడెక్కుతుంది. 2021 ఏప్రిల్‌లో సిస్కో సంస్థకు చెందిన టాలోస్ పరిశోధకులు ఒక స్మార్ట్ ఎయిర్ ఫ్రైయర్‌లో రెండు లోపాలు బయటపెట్టారు. వాటి ద్వారా చొరబడినవాడు ఉష్ణోగ్రత, సమయం మార్చగలడు, ఇంట్లోవాళ్ళకు తెలియకుండా మిషన్‌ను ఆన్ చేయగలడు.

హ్యాకరే రానక్కర్లేదు. నేను చాలు. కిందటేడు నా పాత ఫ్రైయర్‌ను మా అపార్ట్‌మెంట్‌లోనే, మూడో అంతస్తులో ఉండే అనంతపురం కుర్రాడికి అమ్మి, అదే కంపెనీది కొత్తది కొన్నాను. ఓ సాయంత్రం సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నప్పుడు, ఇంటికెళ్ళేసరికి వేడెక్కి ఉంటుందని యాప్‌లో 'కిచెన్' అన్నదాన్ని నొక్కాను. ఇల్లు చేరితే నాది చల్లగా ఉంది. ఫోన్లో ఓ మెసేజ్: "అన్నా, మీ ఫ్రైయర్‌కు దయ్యం గానీ పట్టిందా?" అమ్మిన మిషన్ నా ఖాతాలోనే ఉండిపోయింది, పేరు కూడా పాతదే. ఆ అబ్బాయి దాని బుట్టలో బ్రెడ్ ప్యాకెట్ దాచుకున్నాడు. ప్లాస్టిక్ కరిగి కంపు కొట్టింది. ఇంట్లో మనిషి ఉన్నాడు గనక స్విచ్ కట్టేశాడు. కొత్త బుట్ట ఖర్చు నేనిచ్చాను, ఇప్పటికీ లిఫ్టులో ఎదురుపడితే తల దించుకుంటాను.

తప్పు నాదే. కానీ మిషన్‌లో మనిషి చెయ్యి పడితే తప్ప కాయిల్ వెలగని ఏర్పాటు ఒక్కటుంటే ఇంత దూరం వచ్చేది కాదు. దూరం నుంచి ఆపడానికి వీలివ్వండి, దండం పెడతాను. దూరం నుంచి మొదలుపెట్టడం ఎవరడిగారు? ముక్కలు బుట్టలో వేయడానికి ఎలాగూ మనిషి రావాలి కదా, వచ్చినవాడు ఆ బటనేదో తనే నొక్కుతాడు.

అమ్మేటప్పుడు రెండు పనులు చేయాలి. యాప్‌లోంచి ఆ పరికరాన్ని తొలగించాలి, మిషన్ మీద కూడా రీసెట్ చేయాలి. చాలావాటిలో వైఫై బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే అవుతుంది. రెండోది మరిచిపోతే మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ కూడా అందులో దాగి కొన్నవాళ్ళింటికి వెళ్ళవచ్చు.

వాడుతున్నంతకాలం, రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం విడిగా ఉండే వైఫై) తెరిచి ఫ్రైయర్, బల్బు, టీవీ లాంటివి అందులో పడేయండి, లాప్‌టాప్ వేరేగా ఉంటుంది. పీజీలో రౌటర్ మీ చేతిలో ఉండదు, నలభై మందికి ఒకటే పాస్‌వర్డ్. మీరు అసలు వైఫైకి కలపనే వద్దు. వంట అయ్యాక గోడ మీది స్విచ్ కట్టేయండి. కొన్ని దేశాల్లో ప్లగ్గుల దగ్గర స్విచ్చే ఉండదు, మనకుంది. దాన్ని దాటి వచ్చే హ్యాకర్ ఇంకా పుట్టలేదు.

"ఫ్రైయర్ మా వైఫైని పట్టుకోవడం లేదు. ఫోన్ మాత్రం బాగానే పనిచేస్తోంది."
– కేఆర్ పురం

వైఫైకి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు, అంటే రెండు దారులనుకోండి. ఇలాంటి వస్తువులు చాలావరకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి. మీ రౌటర్ రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి ఉంటే ఫోన్ 5 మీద కూర్చుంటుంది, ఫ్రైయర్ దిక్కులు చూస్తుంది. జత చేసేంతవరకు 5ను ఆపేయండి. లేదా పై జవాబు చదివి, పట్టుకోకపోవడమే మంచిదనుకోండి.

"వంటగదిలో ప్లగ్ ఖాళీ లేదు. మిక్సీతో పాటు ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టొచ్చా?"
– వైట్‌ఫీల్డ్

వద్దు. 1500 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. మీ ఎక్స్‌టెన్షన్ బోర్డు 6 ఆంపియర్లది అయితే మిక్సీ లేకుండానే గీత దాటింది. గీజర్‌కు వాడే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ వంటగట్టు దగ్గర పెట్టించుకోండి.

"అప్‌డేట్ తర్వాత లాగిన్ అయితేనే ప్రీసెట్లు కనిపిస్తున్నాయి. మా అమ్మకు స్మార్ట్‌ఫోన్ లేదు. ఇప్పుడు ఆవిడ ఫ్రైయర్ జోలికే వెళ్ళడం లేదు."
– హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

డబ్బులిచ్చి కొన్న రోజు ఉన్న సదుపాయాన్ని, అప్‌డేట్ పేరుతో లాగేసుకుని, ఖాతా తెరిస్తేనే తిరిగిస్తామనడం నాకైతే కూరగాయల బేరంలో కూడా కనిపించలేదు. పైగా ఆ టచ్ పానెల్! వంటగదిలో చేతికి పిండో నూనో తడో ఉండని క్షణం ఏది? తడి వేలు పెడితే గుర్తుపట్టదు, ఆవిరి తగిలితే దానంతటదే మోగుతుంది. వంట చేయని మనిషి డిజైన్ చేశాడని ఆ పానెలే చెబుతుంది.

అమ్మగారికి చేత్తో తిప్పే రెండు నాబ్‌లున్న మోడల్ కొనిపెట్టండి, ఒకటి వేడికి, ఒకటి సమయానికి. చవక కూడా. ఇప్పుడున్నది అమ్మేస్తారా, ఏం చేయాలో పైన రాశాను. కొనేవాళ్ళకు బుట్టలో బ్రెడ్ పెట్టొద్దని కూడా చెప్పండి.