మినియేచర్ సైనికులకు బొత్తాలు కూడా వేయాలా? ముందు వాళ్ల కాళ్ల కింద నేల చూడండి

ప్రశ్న: "చారిత్రక యుద్ధాల వార్‌గేమింగ్‌లోకి (బొమ్మ సైన్యాలతో బల్ల మీద యుద్ధం ఆడే ఆటలోకి) కొత్తగా వస్తున్నాను. 28 మిల్లీమీటర్ల సైనికుల బొమ్మలు కొన్నాను. కోటు బొత్తాలు, బెల్టు బకిళ్లు, కనుపాపలతో సహా అన్నీ రంగు వేయాలా? ఎక్కడ ఆపాలి?"

బొత్తాల దాకా వెళ్లకుండానే ఆపేయండి. బల్ల మీద ఆడుకునే బొమ్మను ఎవరూ ముక్కు దగ్గర పెట్టుకుని చూడరు. రెండు మూడు అడుగుల దూరం నుంచి చూస్తారు, అదీ ఒక్కణ్ణి కాదు, వరసగా నిలబడ్డ పటాలాన్ని. అక్కడి నుంచి కంటికి ఆనేవి మూడే: కోటు రంగు, మొహం రంగు, కాళ్ల కింద నేల. మిగతాదంతా మీ ఓపిక.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేస్తున్నది చందుర్తి యుద్ధం. ఉండేది కాకినాడలో. పిఠాపురం దాటాక గొల్లప్రోలు మండలంలో ఉంది చందుర్తి. ఇంగ్లిష్ పుస్తకాల్లో దీన్ని కొండూర్ యుద్ధం అంటారు, 1758 డిసెంబర్. బొబ్బిలి కథ మనలో తెలియనివాళ్లు లేరు. 1757 జనవరిలో తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజును చంపడంతో అందరూ ఆ కథ ముగించేస్తారు. కానీ అసలు మలుపు ఆ తర్వాతే ఉంది. విజయనగరం గద్దెనెక్కిన ఆనందగజపతికి ఫ్రెంచివాళ్లతో చెడింది. ఆయన బెంగాల్లో ఉన్న ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవ్‌కు కబురు పెట్టాడు, క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ను సైన్యంతో పంపాడు. చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయాడు. మరుసటి ఏప్రిల్‌కి మచిలీపట్నం కోట కూడా పోయింది, దాంతో ఉత్తర సర్కార్ల మీద ఫ్రెంచి పట్టు సడలిపోయింది. మన పొలాల్లో ఇంత జరిగితే, మనవాళ్లలో బొమ్మలు చేసేవాళ్లు కూడా వాటర్లూ, నార్మండీ అంటూ తిరుగుతారు. అది నాకు నిజంగా బాధ.

ఇక రంగు సంగతి. ఈ యుద్ధాన్ని మలుపు తిప్పింది కోటు రంగే. రెండు వైపులా యూరోపియన్లు ఐదొందల చొప్పున ఉంటారేమో, మిగతా బలమంతా దేశీయ సిపాయిలు. ఫోర్డ్ వెంట వచ్చిన బెంగాల్ సిపాయిలకు ఎర్రకోట్లు తొడిగారు. అప్పటికి సిపాయి అంటే దేశీ దుస్తుల్లోనే చూడటం ఫ్రెంచివాళ్లకు అలవాటు. ఫోర్డ్ యూరోపియన్ పటాలం ముందు ఏపుగా ఎదిగిన పైరు అడ్డొచ్చి వాళ్లు కనపడలేదు. ఎర్రకోట్లు కనపడ్డవైపు ఇంగ్లిష్‌వాళ్లున్నారని ఫ్రెంచి పటాలం సిపాయిల మీదికి వెళ్లింది. సిపాయిలు వెనక్కి తగ్గారు, ఫ్రెంచివాళ్లు వరస చెదిరిపోయేలా తరిమారు. అప్పుడు పైరు చాటునుంచి అసలు పటాలం బయటికొచ్చి పక్కనుంచి కాల్చింది.

ఆ పైరును జొన్నచేనుగా చేశాను. కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ కోసి, ముక్కల మధ్య చీపురుపుల్లలు గుచ్చితే మంచి చేను తయారవుతుంది. డిగ్రీ చదివే మా మేనల్లుడు పోయిన సంక్రాంతికి వచ్చాడు. వాడికి ఈ యుద్ధం గురించి ఏమీ తెలియదు. బల్ల ఎత్తుకు కళ్లు వచ్చేలా కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్రెంచి సైన్యం వాడికిచ్చాను. "ఎదుట ఇంగ్లిష్‌వాళ్లున్నారు, వాళ్ల ముఖ్యమైన పటాలాన్ని ముందు కొట్టాలి" అని మాత్రమే చెప్పాను. వాడు కాసేపు అటూ ఇటూ చూసి, "ఎర్రకోట్లు ఇక్కడున్నాయి కదా మామయ్యా, వీళ్లనే కొడతా" అని మొత్తం ఫ్రెంచి పటాలాన్ని తీసుకెళ్లి సిపాయిల ఎదురుగా పెట్టాడు. ఆ సిపాయిలకు తలపాగాలున్నాయి, మోకాళ్ల పైదాకా జాంగియాలున్నాయి, కాళ్లకు బూట్లు లేవు. అవన్నీ శ్రద్ధగా వేసినవే. వాడి కంటికి ఎరుపు తప్ప ఏదీ ఆనలేదు. రెండు ఎత్తుల తర్వాత జొన్నచేను వెనకనుంచి బెంగాల్ యూరోపియన్ పటాలాన్ని జరిపితే, "వీళ్లెక్కణ్ణుంచి వచ్చారు మామయ్యా!" అని లేచి నిలబడ్డాడు. కాన్‌ఫ్లాన్స్‌కి ఏం జరిగిందో సరిగ్గా అదే మళ్లీ మా హాల్లో జరిగింది. ఇంతకన్నా రుజువు నాకు అక్కర్లేదు. దూరం నుంచి చదవగలిగే రంగే రంగు.

కాబట్టి ఆ ఎరుపును బాగా నేర్చుకోండి. నల్ల ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) మీద నేరుగా ఎరుపు వేస్తే చచ్చిన రంగు వస్తుంది. ముందు గోధుమరంగు పూయండి, దాని మీద ఇటుక ఛాయ ఉన్న ఎరుపు పలచగా రెండు పూతలు. వెలుగు పడే భుజాలకు, మడతల అంచులకు నారింజ కలపండి. తెలుపు కలిపితే గులాబీరంగు కోటు తయారవుతుంది. ఆ రోజుల్లో బ్రిటిష్ సైన్యంలో మామూలు సైనికుడి కోటుకు మంజిష్ఠ వేరు రంగు, అధికారి కోటుకు కోషినీల్ పురుగు రంగు వాడేవారు. అందుకే సైనికుడి ఎరుపు కాస్త మట్టిగా, అధికారిది నిగనిగలాడుతూ ఉండాలి. ఈ తేడా చూపిస్తే బొత్తాలు వేయకపోయినా మీ పటాలం నిజమైనదిగా కనిపిస్తుంది.

మొహాల దగ్గర నాకు కోపం వస్తుంది. రంగుల సెట్‌లో "చర్మం రంగు" అని ఒక్క సీసా పెడతారు, అది తెల్లవాళ్లది. చందుర్తిలో పోరాడినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే కదా! ముదురు గోధుమ వేసి, ఆరాక నల్లటి వాష్ (నీళ్లలా పలచని రంగు) ఇచ్చి, ముక్కు మీద, బుగ్గల మీద పసుపుపచ్చ ఓకర్ కలిపిన గోధుమ రాయండి. ఇక్కడ కూడా తెలుపు జోలికి వెళ్లొద్దు, మొహం బూడిద పూసినట్టు అవుతుంది.

సిపాయిల బొమ్మలు విడిగా దొరక్కపోతే యూరోపియన్ బొమ్మల టోపీలు కోసేసి తలపాగాలు చుట్టండి. దానికి విదేశీ పుట్టీ అవసరం లేదు, ఎం-సీల్ చాలు. రెండు భాగాలూ బాగా పిసికి, తడి వేళ్లతో దారంలా సాగదీసి తలచుట్టూ తిప్పడమే. త్వరగా గట్టిపడుతుంది కాబట్టి ఒకసారికి మూడు నాలుగు తలలకు సరిపడా మాత్రమే కలపండి. బొమ్మల చేతులు మార్చేటప్పుడు ఒక మిల్లీమీటరు డ్రిల్‌తో రంధ్రం చేసి, పేపర్‌క్లిప్ తీగ ముక్క దూర్చి అతికించండి. ఉత్త గమ్‌తో అతికించిన చెయ్యి ఆట మధ్యలో ఊడి పడుతుంది.

నేల గురించి మొదట్లో చెప్పి వదిలేశాను. పచ్చగా మెరిసే కృత్రిమ గడ్డి ప్యాకెట్లు కొని సిపాయిల కాళ్ల కింద అతికించేవాళ్లను చూస్తే ఆపాలనిపిస్తుంది. అది ఇంగ్లండ్ పచ్చిక. డిసెంబర్‌లో గోదావరి జిల్లాల్లో కోత అయిన పొలం ఎలా ఉంటుందో మీకు తెలియదా? ఎండిన మోళ్లు, మట్టి, గట్టు మీద మాత్రం కాస్త పచ్చదనం. ఫెవికాల్ పూసి జల్లెడ పట్టిన ఇసుక చల్లండి, ఆరాక మట్టిరంగు వేయండి, పొడి బ్రష్‌తో లేత గోధుమ రుద్దండి, కొబ్బరిపీచు సన్నగా కత్తిరించి మోళ్లుగా నాటండి. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. ఎవరైనా బొమ్మ చూడగానే ఇది ఎక్కడి యుద్ధమో నేలే చెప్పాలి, యూనిఫాం కాదు.

చివర్లో మ్యాట్ వార్నిష్ స్ప్రే చేసేటప్పుడు తీరప్రాంతం వాళ్లు ముసురు పట్టిన రోజున ముట్టుకోకండి. గాల్లో తేమకు తెల్లటి పొర కట్టి, మీరు పడ్డ శ్రమంతా మసకబారిపోతుంది. ఎండెక్కాక, పొడిగా ఉన్న రోజు చూసి చేయండి, లేదా బ్రష్‌తో రాసే వార్నిష్ కొనుక్కోండి.

ఇన్ని చెప్పినా బొత్తాలు వేయాలనే ఉంటే ఫోర్డ్ బొమ్మకు, ఆనందగజపతి బొమ్మకు వేయండి. సేనానుల బొమ్మలను మాత్రం వచ్చిన ప్రతివాళ్లూ చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తారు.