మంత్రాల కంటే ముందు కాగితం

చిరంజీవి కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

యాష్‌బర్న్‌లో నీ స్నేహితుడి పెళ్లి నువ్వే చేయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. తాతగారు కొట్టి మరీ నేర్పిన మంత్రాలు ఇన్నాళ్లకు అక్కరకొచ్చాయి. వాటి గురించి నాకు బెంగ లేదు. నా టెన్షనంతా కాగితం గురించే.

ఈ అమెరికాలో పెళ్లి చట్టం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. నువ్వు ఉండేది న్యూజెర్సీ అయినా, పెళ్లి జరిగేది వర్జీనియాలో కాబట్టి నిన్ను పట్టేది వర్జీనియా రూలు. అక్కడ పెళ్లి లైసెన్స్, అంటే పెళ్లి చేసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రం, తీసుకోవడం పెళ్లివారి పని. అది కాక, పెళ్లి చేయించేవాడికి విడిగా సర్క్యూట్ కోర్టు నుంచి అనుమతి ఉండాలి. ఏదైనా మతసంస్థలో ఆర్డినేషన్, అంటే మతాచార్యుడిగా గుర్తింపు, పొందినట్టు, ఆ సంస్థతో నిజంగా సంబంధం ఉన్నట్టు రుజువు అడుగుతారు.

ఆ ఆర్డినేషన్ ఆన్‌లైన్‌లో చేసుకుంటానన్నావట. యూనివర్సల్ లైఫ్ చర్చ్ లాంటి చోట పైసా ఖర్చు లేకుండా నిమిషాల్లో మినిస్టర్‌వి, అంటే మతాచార్యుడివి, అయిపోవచ్చు, నిజమే. కాలిఫోర్నియాలోనో టెక్సస్‌లోనో అయితే చేయించేవాడు ముందుగా ఎక్కడా పేరు రాయించుకోనక్కర్లేదు కాబట్టి అలా చాలామంది లాగించేస్తున్నారు. వర్జీనియాలో మాత్రం ఆ కాగితం చూసి కోర్టు క్లర్కులు కాదన్న సందర్భాలున్నాయి. టెనసీ అయితే 2019లో ఆన్‌లైన్ ఆర్డినేషన్ చెల్లదని ఏకంగా చట్టమే చేసింది, దాని మీద కోర్టు కేసులు కూడా నడిచాయి. ఒహాయోలో చేయించేవాడు ఆ రాష్ట్ర అధికారి అయిన సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర నమోదు కావాలి. న్యూయార్క్ రాష్ట్రంలో మిగతా చోట్ల అక్కర్లేని రిజిస్ట్రేషన్ న్యూయార్క్ నగరంలో కావాలి. ఫలానా అన్నయ్య డల్లస్‌లో చేయించాడు, ఏమీ కాలేదంటారు చూడు, ఆ మాట డల్లస్‌కే పనికొస్తుంది.

మనవాళ్లకు ఇంకో చిక్కుంది. ఉపనయనం చేస్తారు, వేదం చెబుతారు, కానీ ఆర్డినేషన్ సర్టిఫికెట్ ఎవరిస్తారు? గుడిలో పనిచేసే పురోహితులు గుడి లెటర్‌హెడ్ మీద ఉత్తరం తెచ్చుకుంటారు. నువ్వు పొద్దస్తమానం కోడ్ రాసుకునేవాడివి. మొహమాటపెట్టి ఎవరి దగ్గరా అలాంటి ఉత్తరం తీసుకోకు. అబద్ధపు కాగితంతో మొదలైన పెళ్లి నువ్వు చేయించాల్సిన అవసరం లేదు.

దానికి బదులు రెండు దారులున్నాయి. వర్జీనియాలో మతంతో సంబంధం లేకుండా 500 డాలర్ల బాండ్ (పూచీపత్రం) మీద కోర్టు అనుమతి ఇచ్చే పద్ధతి ఉంది, నీకు వర్తిస్తుందేమో క్లర్క్‌ను అడుగు. లేదా, అప్పటికే అనుమతి ఉన్న పురోహితుడెవరినైనా పక్కన కూర్చోబెట్టుకో. ఆయన ఎదుటే పెళ్లి జరుగుతుంది, ఆయనే సంతకం పెడతాడు, నువ్వు మంత్రాలు చెప్పు. నాకైతే ఈ రెండోదే నచ్చింది. అదే పెళ్లి కొలరాడోలో అయితే వధూవరులే సంతకాలు పెట్టుకుని పెళ్లయిందనిపించుకోవచ్చు. పెన్సిల్వేనియాలోనూ చేయించేవాడు లేకుండా ఇద్దరు సాక్షులతో సరిపోయే లైసెన్స్ ఒకటి ఉంది, క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల నుంచి వచ్చిన పద్ధతి.

లైసెన్స్ ఎప్పుడు తీసుకున్నారో కూడా కనుక్కో. వర్జీనియాలో తీసుకున్న రోజే పెళ్లి చేసుకోవచ్చు, 60 రోజుల దాకా చెల్లుతుంది. టెక్సస్‌లో మామూలుగా 72 గంటలు ఆగాలి. పక్కనే ఉన్న మేరీలాండ్‌లో 48 గంటలు ఆగాలి, పైగా ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) లైసెన్స్ తీసుకుంటే ఆ కౌంటీలోనే పెళ్లి జరగాలి. ఆఖరి నిమిషంలో హాలు మార్చేవాళ్లు దీంతోనే ఇరుక్కుంటారు.

తలంబ్రాలయ్యేసరికి చేతుల నిండా పసుపు, అక్షింతలు. ఆ చేతులతో లైసెన్స్ ముట్టుకోవద్దు. చేతులు కడుక్కుని, విడిదిగదిలో బల్ల మీద పెట్టి, నల్ల పెన్నుతో నింపండి. కొట్టివేతలు వద్దు, వైట్‌నర్ అసలే వద్దు. తేదీలో నెల ముందు రాయాలి, అలవాటుకొద్దీ రోజు ముందు రాస్తే పెళ్లి ఇంకో నెలలో జరిగినట్టవుతుంది. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే పంచాంగం లెక్క వేరు, లైసెన్స్ లెక్క వేరు. పంచాంగంలో సూర్యోదయం దాకా ముందురోజే, కాగితం మీద మాత్రం పన్నెండు దాటగానే తేదీ మారాలి. (ఇక్కడ ముహూర్తాలన్నీ శని, ఆదివారాల పగళ్లలోనే కుదురుతాయనుకో, అది వేరే సంగతి.)

సంతకం పెట్టినవారే వర్జీనియాలో 5 రోజుల్లోపు దాన్ని క్లర్క్ ఆఫీసుకు తిరిగి చేర్చాలి. పెళ్లికొడుకు తమ్ముడి జేబులోనో, తిరుగు ప్రయాణం సూట్‌కేసులోనో ఉండిపోకుండా చూసుకో. ఆ తర్వాత కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోమని వాళ్లకు చెప్పు. రేపు ఆ అమ్మాయి హెచ్4 వీసాకో (ఇక్కడ పనిచేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది), గ్రీన్ కార్డుకో వెళ్తే అడిగేది దాన్నే. గుడిలో ఇచ్చే రంగుల సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకోవడానికి బాగుంటుంది.

యాష్‌బర్న్ లౌడన్ కౌంటీలోది, కోర్టు లీస్‌బర్గ్‌లో ఉంటుంది. సోమవారం పొద్దున్నే ఆ క్లర్క్ ఆఫీసుకు ఫోన్ చేసి, వాళ్లేమన్నారో నాకు చెప్పు. రెండు వైపుల ప్రవరలూ రాసి పంపితే ఈలోగా సరిచూసి పెడతాను.

ఇట్లు,
మామయ్య