స్నేహితుడి ఐదు లక్షలు ఖాతాలో చూపిస్తే కెనడా పీఆర్ వస్తుందా?

ప్రశ్న: నేను, నా భార్య, నాలుగేళ్ల పాప. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (కెనడా ఆన్‌లైన్ వలస దరఖాస్తు పద్ధతి) ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ (నిపుణులైన ఉద్యోగుల విభాగం) కింద కెనడా పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, ప్రొఫైల్ వేయబోతున్నాను. సేవింగ్స్‌లో 5 లక్షలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లలో 6 లక్షలు, పీఎఫ్‌లో 7 లక్షలు, ఒక ఖాళీ స్థలం ఉన్నాయి. నాన్న 6 లక్షలు ఇస్తానంటున్నారు. స్నేహితుడేమో ఓ 5 లక్షలు నెల రోజులు ఖాతాలో ఉంచుకోమంటున్నాడు. సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది, స్నేహితుడి డబ్బు జోలికి పోకపోతే.

2025 జులై 7 నుంచి అమలైన పట్టిక ప్రకారం ముగ్గురున్న కుటుంబం అక్కడ స్థిరపడే ఖర్చులకు తన దగ్గర 23,360 కెనడియన్ డాలర్లు ఉన్నాయని చూపాలి. ఇద్దరికైతే 19,001, నలుగురికి 28,362. మీ భార్య, పాప మీతో రాకుండా ఇక్కడే ఉన్నా లెక్క ముగ్గురికే. డాలరు 65 రూపాయలనుకుంటే సుమారు 15.18 లక్షలు. పట్టికను ఏటా సవరిస్తారు, అంతకు ముందు ఏడాది ఇదే మొత్తం 22,483. రూపాయి విలువా ఒకచోట నిలవదు. అందుకే మీ లక్ష్యం 17 లక్షలు పెట్టుకోండి. డాలరు 72కి చేరినా గట్టెక్కుతారు.

మీ ఆస్తుల్లో సేవింగ్స్, ఎఫ్‌డీ కలిపి 11 లక్షలు లెక్కలోకి వస్తాయి. పీఎఫ్ మర్చిపోండి. ఉద్యోగంలో ఉండగా మొత్తం తీసుకోలేని డబ్బు అది. స్థలం విలువ చూపడం కుదరదు. అమ్మితే ఆ డబ్బు పనికొస్తుంది, సేల్ డీడ్ జతచేయాలి. అప్పు తెచ్చిన సొమ్మును కెనడా ఒప్పుకోదు. స్నేహితుడిదైనా, బ్యాంకు పర్సనల్ లోనైనా అంతే.

పైగా అది దాగదు. బ్యాంకు లెటర్‌లో ప్రస్తుత నిల్వతో పాటు గత ఆరు నెలల సగటు నిల్వ కూడా ఉండాలి. ఐదు నెలలు 5 లక్షలుండి ఆరో నెలలో 10 లక్షలైతే సగటు 5.83 లక్షలే. నిల్వ 10, సగటు 5.83 అని పక్కపక్కనే కనబడితే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, మిగతాది ఎక్కణ్నుంచి వచ్చిందని.

నాన్నగారి 6 లక్షలు మాత్రం దర్జాగా చూపొచ్చు. ఆయన ఖాతాలో ఉన్నంతకాలం అది మీ డబ్బు కాదు కాబట్టి ఈ నెలలోనే మీ ఖాతాకు బదిలీ చేయించుకోండి, నగదు వద్దు. గిఫ్ట్ డీడ్ (బహుమతి పత్రం) రాయించండి, అందులో మొత్తం, తేదీ, బంధుత్వం, 'తిరిగి ఇవ్వనక్కర్లేదు' అన్న మాట ఉండాలి. ఆయనకు ఆ డబ్బు ఎలా వచ్చిందో చూపే కాగితం కూడా పెట్టండి. ఎఫ్‌డీ రద్దు చేస్తే దాని రసీదు, ఆయన స్టేట్‌మెంట్. తండ్రి ఇచ్చిన బహుమతిపై మీకు పన్ను పడదు. తొందర ఎందుకంటే, దరఖాస్తు చేసుకోమని కెనడా నుంచి ఇన్విటేషన్ వచ్చాక 60 రోజులే గడువు. ఆరు నెలల సగటును ఆ రెండు నెలల్లో తయారు చేయలేరు.

ఇక చాలామంది చిక్కుకునేది లెటర్ దగ్గర. బ్రాంచికి వెళ్లి అడిగితే సిస్టమ్ నుంచి బ్యాలెన్స్ సర్టిఫికెట్ తీసిస్తారు. అందులో ఒక్కరోజు నిల్వే ఉంటుంది. కావాల్సింది వేరు: బ్యాంకు లెటర్‌హెడ్, చిరునామా, ఫోన్, ఈమెయిల్, మీ పేరు, ప్రతి ఖాతా నంబరు, తెరిచిన తేదీ, ప్రస్తుత నిల్వ, ఆరు నెలల సగటు, క్రెడిట్ కార్డు బాకీలతో సహా అప్పులు. అప్పుల్లేకపోతే లేవనే రాయించండి. నమూనా మీరే టైప్ చేసి మేనేజర్ చేతికిస్తే సగం పని అయిపోతుంది. పాస్‌బుక్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండడం మనవాళ్లకు మామూలే. లెటర్‌లో పాస్‌పోర్టు పేరే ఉండేలా చూసుకోండి.

ఎఫ్‌డీ గడువు తీరి రెన్యువల్ అయినప్పుడు కొన్ని బ్యాంకులు కొత్త నంబరు, కొత్త తేదీ వేస్తాయి. చూసేవారికి అది మొన్న పుట్టిన డబ్బులా ఉంటుంది. పాత డిపాజిట్ మూసిన కాగితం జతచేయండి. ఎఫ్‌డీ మీద లోన్ తీసుకుని ఉంటే ముందు తీర్చేయండి. స్వీప్ ఖాతా (ఎక్కువైన నిల్వ దానంతటదే డిపాజిట్‌గా మారేది) అయితే సేవింగ్స్ సగటు తక్కువగా కనబడుతుంది, అనుబంధ డిపాజిట్లనూ లెటర్‌లో రాయించండి. మీ భార్య ఒక్కరి పేరున్న ఖాతాను చూపాలంటే, ఆవిడ మీతో వస్తుండాలి, ఆ డబ్బు మీకూ అందుబాటులో ఉందని రుజువుండాలి. జాయింట్ ఖాతా అయితే ఈ తలనొప్పి తక్కువ.

దరఖాస్తు వేసిన రోజే కాదు, వీసా చేతికొచ్చే రోజు కూడా ఈ డబ్బు ఉండాలి. మధ్యలో కారు, బంగారం అంటూ తీయకండి. ఇప్పుడే కెనడాకు పంపే పనీ లేదు, రూపాయల్లోనే ఉంచండి. వెళ్లేటప్పుడు పంపితే ఆర్థిక సంవత్సరంలో ఒక్కో పాన్‌పై 10 లక్షలు దాటిన మొత్తానికి 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను) కోస్తారు. మీరిద్దరూ చెరొక ఖాతా నుంచి పంపితే 17 లక్షలకూ ఆ కోత ఉండదు. చేతపట్టుకెళ్లే నగదు, డ్రాఫ్టులు కలిపి 10,000 కెనడియన్ డాలర్లు, ఆపైన ఉంటే కెనడాలో దిగగానే సరిహద్దు అధికారులకు చెప్పాలి.