నీ మొదటి వాక్యం గురించి

చిరంజీవికి,

జ్ఞానమంటే ఏమిటన్న నీ వ్యాసం ముట్టింది. భాష శుభ్రంగా ఉంది. ఇక అసలు సంగతి. "ఒకదాన్ని మరొకటిగా గుర్తించడమే జ్ఞానం" అని మొదటి వాక్యంలోనే తీర్పు చెప్పేశావు. నాకు చిరాకేసింది అక్కడే.

తాడును పామనుకుని ఉలిక్కిపడ్డవాడూ ఒకదాన్ని మరొకటిగా గుర్తించినవాడే కదా! శంకరాచార్యులు అధ్యాస అన్నది దీన్నే: అది కానిదానిలో అదనే బుద్ధి. నీ నిర్వచనం భ్రాంతికి కూడా అతికినట్టు సరిపోతోంది. ఇక అదెందుకు?

నన్నడిగితే, కలపడం కంటే విడదీయడం ముందు రావాలి. నైయాయికులు, అంటే న్యాయదర్శనం పండితులు, చెప్పే గవయం సంగతి చూడు. గవయం ఆవులా ఉంటుందని విన్నవాడు అడవికి వెళ్తాడు. ఆవు పోలికలున్న జంతువు ఎదురవుతుంది. విన్న మాట గుర్తొచ్చి, "గవయమంటే ఇదే" అనుకుంటాడు. దాన్ని ఆవే అనుకుని ఉంటే పప్పులో కాలేసేవాడు. పోలికతోపాటు తేడా కూడా కనబడింది కాబట్టే తెలిసింది. ఒకప్పుడు ఇదంతా ఒక పత్రికకు రాసి పంపాను. సంపాదకుడుగారు గవయాన్ని మొత్తం కొట్టేసి, చివర్లో ఉన్న నిర్వచనాన్ని మాత్రం బాక్సు కట్టి వేశారు. చేతిలో చిల్లిగవ్వ లేని రోజులు, నోరు మూసుకుని పారితోషికం తీసుకున్నాను. ఆ బాక్సుల పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. నీ మొదటి వాక్యమూ బాక్సు కోసమే పుట్టినట్టుంది.

కాంతి విద్యుదయస్కాంత తరంగమేనన్న ఉదాహరణను ఒక్క లైనులో దాటేశావు. భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఆ మాట ఊరికే అనలేదు. విద్యుత్, అయస్కాంత కొలతల నుంచి తేలిన వేగం సెకనుకు 3,10,740 కిలోమీటర్లు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫిజో నేరుగా కొలిచిన కాంతి వేగం 3,14,858. 1865 నాటి వ్యాసంలో ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. కాంతి ఊసే లేని కొలతల్లోంచి కాంతి వేగం లాంటిది బయటపడింది! తెలుసుకున్నదంతా ఆ లెక్కలో ఉంది. నువ్వు లెక్క వదిలేసి ఫలితం పట్టుకున్నావు.

పుస్తకం ఎవరు వేస్తారు, రాసి బతకొచ్చా అని నువ్వడిగినవి ఇంకోసారి మాట్లాడుకుందాం.

నాలుగో పేజీలో, "నా పంటినొప్పి నాకు తెలియడానికి దాన్ని దేనితో కలిపి గుర్తించాను?" అని అడిగి, జవాబు చెప్పకుండానే ముందుకెళ్లిపోయావు. నీ నిర్వచనం కూలిందే అక్కడ! నొప్పి అని పేరు పెట్టడమూ గుర్తింపేనంటావేమో. మరి మాటలు రాని పసివాడు? వాడి ఏడుపు వెనక ఉన్నది జ్ఞానమా, కాదా? మొదటి పేజీ తీసేసి, ఇక్కడి నుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.