కలలో పెగలని గొంతు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది రాజమండ్రి. పెళ్లికి ముందు లెక్కల టీచర్‌గా చేశాను, బాబు పుట్టాక మానేశాను. ఇంట్లో ఎవరేమన్నా 'సరే' అనడం అలవాటైపోయింది. మా వీధి చివర స్కూల్లో పోస్టు ఖాళీ ఉంది, జూన్ నుంచి రమ్మని హెడ్మాస్టర్‌గారు అడిగారు. మావారికి ఇంకా చెప్పలేదు. రెండు నెలలుగా ఒకటే కల. బోర్డు దగ్గర నిలబడతాను, గొంతు పెగలదు. ఆఖరి బెంచీలో మావారు, అత్తయ్యగారు కూర్చుని ఉంటారు. ఇంతలో పాలు మాడిన వాసన వస్తుంది. సుద్దముక్క పడేసి పరిగెడతాను. మెలకువ వచ్చాక నిజంగానే వంటింట్లోకెళ్లి స్టవ్ చూసొస్తున్నాను. తెల్లవారుజాము కల నిజమవుతుందంటారు. ఉద్యోగం వద్దనే సూచనా ఇది? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు తెల్లవారుజాము సంగతి. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ రాత్రంతా విడతలుగా వస్తుంది, తెల్లవారేకొద్దీ దాని నిడివి పెరుగుతుంది. కల మధ్యలో మెలకువ వస్తే అది బాగా గుర్తుంటుంది. ఆ వేళకున్న మహిమ అంతే. ఆ దశలో మెదడు ఒంటి కండరాలను కదలనివ్వదు. కలలో అరవలేకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఇందులో ఉద్యోగం వద్దనే సూచనా లేదు, చేరమనే ఆదేశమూ లేదు. పంచాంగం తిరగేయకండి.

కానీ ఒకటి గమనించారా? కలలో మిమ్మల్ని ఎవరూ నోరు మూసుకోమనలేదు. మీవారు, అత్తగారు ఊరికే కూర్చుని ఉన్నారు. పరిగెత్తింది మీరే. పగలూ అదే జరుగుతోంది. ఆయన కాదంటారని మీరే అనేసుకుని మాటను నాన్చుతున్నారు. తప్పు పట్టడం లేదు. ఇన్నేళ్లు 'సరే' అన్న గొంతుకు 'నేను వెళ్తాను' అనే మాట పచ్చి వెలక్కాయలా అడ్డుపడుతుంది మరి.

పదే పదే వచ్చే పీడకలలకు సైకాలజిస్టులు వాడే పద్ధతి ఒకటుంది, ఇమేజరీ రిహార్సల్ అంటారు. పగలు కూర్చుని కలను కాగితం మీద రాయాలి. ముగింపు మీకు నచ్చినట్టు మార్చాలి. రోజూ పది పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని ఆ కొత్త కలనే చూడాలి. మీ కలలో పాలు పొంగనివ్వండి. ఆఖరి బెంచీ నుంచి మీవారు లేచి వెళ్లి స్టవ్ కట్టేస్తారు, మీరు లెక్క పూర్తి చేస్తారు. ఆ లెక్కను మేడ మీద బట్టలు ఆరేస్తూ నిజంగానే పైకి చెప్పండి. పక్కింటివాళ్లు చూస్తే చూడనివ్వండి.

ఆ తర్వాత కలను ఆయనకు చెప్పండి. అశోకవనంలో త్రిజట తన కలను పైకి చెప్పింది కాబట్టే సీతను బెదిరిస్తున్న రాక్షస స్త్రీలు జంకారు. మనసులో దాచుకుని ఉంటే ఏమీ మారేది కాదు. 'ఉద్యోగం చేస్తానండీ' అనడం కంటే 'ఏమండీ, నాకో కల వస్తోంది' అని మొదలుపెట్టడం తేలిక. అత్తగారు సీరియల్ చూసే వేళ చూసుకోండి. ఆయన నవ్వినా సరే, స్కూలు సంగతి చెప్పకుండా లేవకండి. 'చూద్దాంలే' అంటే, ఎప్పటిలోగా అని తారీఖు అడగండి. అసలు మీకు కావాల్సింది ఉద్యోగమో, సాయంత్రం నలుగురు పిల్లలకు ట్యూషన్ చాలో కూడా ఈలోగా తేల్చుకోండి. హెడ్మాస్టర్‌గారు అడిగారని మొహమాటానికి చేరితే అదీ ఇంకో 'సరే' అవుతుంది.

చెబితే చెయ్యి చేసుకుంటారనే భయం ఉంటే మాత్రం ఈ సలహా పక్కన పెట్టి, ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. నిద్ర పూర్తిగా చెడిపోయి దిగులు వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు.

అన్నట్టు, రాత్రి పడుకునేముందు గ్యాస్ కట్టేశారో లేదో చూసే పని ఈ వారం మీవారికి అప్పజెప్పండి.