డేట్ దగ్గరపడ్డ సరుకులు సగం ధరకి కొనచ్చా? మన విశాఖ ఉక్కపోతలో నేను చూసుకునే లెక్క

మీరు అడిగింది ఇదీ: మధురవాడలో కొత్తగా కాపురం పెట్టారు, ఇంట్లో ఇద్దరే. దగ్గర్లోని సూపర్ మార్కెట్‌లో ఓ మూల అరలో డేట్ దగ్గరపడ్డ సరుకులు 30 నుంచి 50 శాతం తగ్గించి పెడుతున్నారు. మీ అత్తగారేమో "డబ్బులిచ్చి పాచి సరుకు తెచ్చుకుంటారేటి" అంటున్నారు. కొనచ్చా, కొంటే ఏవి కొనాలి, ఇడ్లీ పిండి పాకెట్ల సంగతేంటి, ఏ వేళకి వెళ్లాలి?

కొనచ్చండి. నేను ఏళ్ల తరబడి కొంటూనే ఉన్నాను. మా నాన్నకి పూర్ణా మార్కెట్ వైపు కిరాణా కొట్టు ఉండేది, సెలవులన్నీ ఆ గల్లాపెట్టె పక్కనే గడిచాయి. అందుకని కౌంటరుకి అటువైపు సంగతి కూడా కొంత తెలుసు. నేనైతే ఆ అర దగ్గర డేట్ కంటే ముందు వేరే రెండు చూస్తాను: ఆ సరుకు పాడైతే దేనివల్ల పాడవుతుంది, కొట్లో దాన్ని ఎలా ఉంచారు. డేట్ ఆ తర్వాతే.

ముందు కొట్టువాడు ఎందుకు తగ్గిస్తాడో చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇందులో ఏదో మోసం ఉందనుకుంటారు. ఎక్స్‌పైరీ దాటిన సరుకు అమ్మకూడదు, అది చట్టం. దాటిందంటే డిస్ట్రిబ్యూటర్‌కి వాపసు ఇవ్వాలి, లేదా పారెయ్యాలి. కొన్ని కంపెనీలు వాపసు తీసుకుని తర్వాతి బిల్లులో తగ్గిస్తాయి. కొన్ని సగమే ఇస్తాయి. కొన్ని "వచ్చే నెల చూద్దాం సార్" అని తిప్పుతాయి. నాన్న కొట్లో ఈ వాపసు సరుకుకని ఒక అట్టపెట్టె విడిగా ఉండేది. సేల్స్‌మ్యాన్ రాగానే నాన్న ఆ పెట్టె కాలితో ముందుకి తొయ్యడం, అతను అది కనపడనట్టే ఆర్డరు పుస్తకం తియ్యడం, వారం వారం ఇదే నాటకం. ఆ పెట్టెలో పడేలోపు సగం ధరకి పోయినా కొట్టువాడికి నయమే. ఇప్పుడు పెద్ద మార్కెట్లలో అదే లెక్క కంప్యూటరు వేస్తోంది, అంతే తేడా.

ఇక పాకెట్ మీద రాసేది. 2020లో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం ఎక్స్‌పైరీ లేదా 'యూజ్ బై' తేదీ వెయ్యడం తప్పనిసరి. 'బెస్ట్ బిఫోర్' కంపెనీ ఇష్టం, కావాలంటే అదనంగా వేసుకోవచ్చు. బెస్ట్ బిఫోర్ అంటే రుచి, వాసన, కరకర అన్నీ పూర్తిగా ఉండే గడువు. అది దాటినా సరుకు బాగానే ఉండచ్చు. ఎక్స్‌పైరీ అలా కాదు, దాటితే అమ్మనూ కూడదు, తిననూ కూడదు. మా ఇంట్లో ఎక్స్‌పైరీ విషయంలో బేరాల్లేవు.

ఆ రెండు తేదీల పక్కనే చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు: "చల్లని, పొడి ప్రదేశంలో నిల్వ ఉంచండి." తేదీ మీద కంపెనీ ఇచ్చే హామీ ఆ షరతుకి లోబడే. మరి మన ఊళ్లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా చల్లనీ లేదు, పొడీ లేదు. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో డబ్బాలో ఉప్పు నీరుకారిపోతుంది. గది ఉష్ణోగ్రతలో ఉండే సరుక్కి ఇంకో నెల టైముందని పాకెట్ చెప్తుంటే, నేను మనసులో దాన్ని రెండు వారాలే అనుకుంటాను. లెక్కగా నిరూపించమంటే నిరూపించలేను, ఇక్కడ బతికిన అలవాటు అది.

నిల్వ సరిగ్గా లేకపోతే డేట్‌కి విలువే లేదని నాకు బాగా తలకెక్కింది హుద్‌హుద్ అప్పుడు. 2014 అక్టోబరు 12న తుపాను తీరం దాటాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు వచ్చాక కొన్ని చోట్ల ఫ్రీజర్లలో అవే పాకెట్లు, వాటి మీద ఇంకా నెలల గడువు. ఎవరు కొంటారండీ? అచ్చు వేసిన తేదీకి మధ్యలో కరెంటు పోయిన సంగతి తెలియదు కదా. అప్పటినుంచి ఫ్రీజర్ సరుకుకి నా పరీక్ష ఒకటే: బఠాణీ పాకెట్ చేత్తో కదిపితే గింజలు విడివిడిగా గలగలమనాలి. గట్టి రాయిలా ముద్ద కట్టిందంటే ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందనే అర్థం. ఐస్‌క్రీం మూత కింద మంచు పలుకులు దట్టంగా ఉన్నా అదే కథ. 70 శాతం తగ్గించినా వద్దు.

సరే, ఏవి కొనాలి అన్నారు. నేను కళ్లు మూసుకుని తెచ్చేవి టీపొడి, కాఫీపొడి, సబ్బులు, వాషింగ్ పౌడర్ లాంటివి. తినేవాటిలో కందిపప్పు, మినప్పప్పు, శనగపప్పు. ఇవి పొడిగా ఉన్నంతకాలం పాడవ్వవు, మహా అయితే పప్పు ఉడకడానికి ఇంకో రెండు విజిళ్లు పడుతుంది. పాకెట్‌ని వెలుతురుకి పెట్టి చూడండి, అడుగున పిండిలా రాలిందంటే లోపల పురుగు పని మొదలైనట్టే. బొంబాయి రవ్వ తెస్తే ఆ రోజే దోరగా వేయించి పెట్టుకోండి, లేదా నాలుగైదు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి తియ్యండి. రవ్వలో పురుగు బయటినుంచి రానక్కర్లేదు, గుడ్లు ముందే ఉండచ్చు, మన ఉక్కకి పొదుగుతాయి. కారం, ధనియాల పొడి, గరం మసాలా ఘాటు తగ్గుతాయి తప్ప ప్రమాదం లేదు. ఒక చెంచా ఎక్కువ వేసుకుంటాం. కానీ ఘాటు తగ్గిన మసాలా సగం ధరకి కొని రెట్టింపు వాడితే మిగిలిందేమిటి? అందుకని చిన్న పాకెట్లే తీసుకుంటాను.

జాగ్రత్త పడాల్సింది నూనె ఉన్న సరుకులతో. జనం పాలు, పెరుగు గురించి భయపడతారు గానీ, ఆ మూల అరలో ఎక్కువగా మోసపోయేది వీటి దగ్గరే. పల్లీ చిక్కి, జీడిపప్పు, బాదం, చిప్స్, మిక్చర్, వేయించి ఆరబెట్టిన నూడుల్స్, గోధుమపిండి, నువ్వులు. వీటిలో నూనె గాలికి, వేడికి, వెలుతురికి కనరెక్కుతుంది. గోధుమపిండిలో నూనె ఎక్కడిది అంటారేమో: పూర్తి గోధుమ పట్టిస్తే గింజలోని మొలక భాగం కూడా పిండిలోకి వస్తుంది, నూనె అందులో ఉంటుంది. మైదాలో ఆ భాగం తీసేస్తారు గనకే అది ఎక్కువకాలం ఆగుతుంది. ఎండ తగిలే అద్దం పక్కన అర ఉంటే ఈ సరుకుల్లో ఒక్కటీ తీసుకోను, డేట్ ఎంతున్నా సరే. పలాస జీడిపప్పు బద్దలు తగ్గింపులో కనపడితే మాత్రం ఆశ పుడుతుంది, కాదనను. చిన్న పాకెట్ ఒకటి తెచ్చి, విప్పగానే వాసన చూసి, ఒక బద్ద కొరికి, చివర్లో నాలిక మీద చేదు, గొంతులో మంట లేకపోతే అప్పుడు ఇంకోటి తెస్తాను. కొట్టు మనకి నడిచేంత దూరమే కదా.

చాక్లెట్ మీద తెల్లగా పొడిలా పట్టి ఉంటే బూజు అని పారేస్తుంటారు. చాలాసార్లు అది బూజు కాదు, వేడికి కొవ్వు కరిగి పైకొచ్చి మళ్లీ గడ్డకట్టినది. తినచ్చు, రుచి కాస్త ఇసకలా ఉంటుంది. ఐతే ఆ కొట్లో రాత్రి షట్టర్ దించాక ఏసీ ఆపేస్తారని మీకు ఆ తెల్లదనం చెప్తోంది. అది గుర్తుపెట్టుకుని పక్కనున్న చీజ్ సంగతి ఆలోచించండి.

పాల సరుకుల్లో పెరుగు నాకు ఇష్టమైన బేరం. గడువుకి ఒకటి రెండు రోజులున్న పెరుగు కాస్త పులిసి ఉంటుంది, మజ్జిగ పులుసుకి అదే కావాలి. కప్పు మూత ఉబ్బి ఉంటే మాత్రం ముట్టుకోకండి. పనీర్ నేను ఆ అరలోంచి తీసుకోను. పులుపు ఉండదు, తేమ ఎక్కువ, పాడవడానికి అంతకంటే అనువైనది ఉండదు, పైగా తొలిరోజు వాసనలో తెలియదు కూడా. టెట్రా ప్యాక్ పాలు వేరే సంగతి. బాగా ఎక్కువ వేడి మీద శుద్ధి చేసి గాలి చొరకుండా ప్యాక్ చేస్తారు గనక విప్పేదాకా ఫ్రిజ్ అక్కర్లేదు, గడువుకి వారం ఉన్నా నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. విప్పాక మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో అయిపోగొట్టాలి. డబ్బా సొట్టపోయి అంచు దగ్గర ముడత పడినా, ఉబ్బినా వద్దు. టిన్ను సరుకులకీ ఇదే, ఉబ్బిన టిన్ను ప్రాణాంతకం కావచ్చు, వాసన చూద్దామని కూడా తెరవద్దు.

ఇడ్లీ, దోసె పిండి పాకెట్ల గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. చివరి రోజు పిండితో ఇడ్లీ పెడితే పుల్లగా, సాగుతూ వస్తుంది, మీ అత్తగారు మాట అనే అవకాశం మీరే ఇచ్చినట్టవుతుంది. అందులో కాస్త మైదా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి పునుగులు వెయ్యండి, అల్లం పచ్చడి పక్కన పెట్టండి. ఎక్కడినుంచి తెచ్చారని అడగరు. పాకెట్ కొంచెం ఉబ్బడం పులియడం వల్లే. పిండి మీద గులాబీ, నలుపు, పచ్చ మచ్చలుంటే మాత్రం చెత్తబుట్టే. బ్రెడ్‌కీ అంతే: ఒక ముక్క మీద బూజు కనపడితే ఆ ముక్క తీసేసి మిగతాది తినే అలవాటు మానండి, కనపడని పోగులు మెత్తటి బ్రెడ్‌లో లోపలిదాకా పాకుతాయి.

డబ్బు లెక్క ఒకటి చెప్పాలి. ఆ పసుపు స్టిక్కరు మీద "30 శాతం తగ్గింపు" అన్నది ఎమ్మార్పీ మీద. మన ఊళ్లో గోధుమపిండి, నూనె పాకెట్లు పెద్ద మార్కెట్లలో మామూలు రోజుల్లోనే ఎమ్మార్పీకి తక్కువకి అమ్ముతారు. ఎమ్మార్పీ 500 ఉన్న పాకెట్ పక్క వరసలో తాజాది 400కి దొరుకుతుంటే, మీకు ఆ 30 శాతం తగ్గింపులో నిజంగా మిగిలేది 50 రూపాయలు. ఆ యాభైకి నెలల గడువు వదులుకోవాలా అన్నది అప్పుడు ఆలోచించండి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నచోట రెండో పాకెట్ కూడా ఆ గడువులోపే మీ ఇద్దరూ తినగలరా? మా ఇంట్లో నలుగురం కాబట్టి నాకు కుదిరేవి మీకు కుదరకపోవచ్చు. 400 గ్రాముల చీజ్ ఇద్దరికి పది రోజుల్లో కష్టమే.

డేట్ చూసేటప్పుడు స్టిక్కరు మీదది కాదు, కంపెనీ అచ్చు వేసినది చూడండి. తగ్గింపు స్టిక్కరు సరిగ్గా అచ్చు డేట్ మీదే అంటించి ఉంటే తియ్యమని అడగండి, తియ్యనంటే అక్కడే పెట్టెయ్యండి. అంకెలు చెరిపినట్టు, మళ్లీ వేసినట్టు మసగ్గా ఉన్నా అంతే. బిల్లు తప్పకుండా తీసుకోండి. "డిస్కౌంట్ సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు పెడతారు, నచ్చలేదని తిరిగిస్తే ఆ మాట చెల్లుతుందేమో గానీ, సరుకే చెడిపోయి ఉంటే చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులో, అలా గడువేదీ రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకోననడం అక్రమ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ఓసారి ఒక కొట్లో నాకు పురుగున్న ఓట్స్ వచ్చాయి. మేనేజరు ముందు బోర్డు చూపించాడు, నేను బిల్లు చూపించి 1915కి ఫోన్ చేస్తానన్నాను, డబ్బులిచ్చేశాడు. 1915 అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడచ్చు.

ఫోన్ యాప్‌లో తెప్పించుకునే సరుకుకి వేరే లెక్క. డెలివరీ అయ్యేనాటికి మొత్తం గడువులో కనీసం 30 శాతం, లేదా 45 రోజులు మిగిలి ఉండాలని 2024 నవంబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ కంపెనీలకి చెప్పింది. కాబట్టి మామూలు ధరకి తెప్పించిన బిస్కెట్ల మీద వారం గడువే ఉంటే ఊరుకోకండి, ఫొటో తీసి ఫిర్యాదు పెట్టండి. కొట్లో కళ్లతో చూసి, తగ్గింపు తీసుకుని కొనడం వేరు, చూడకుండా పూర్తి ధర కట్టడం వేరు.

మీ ఇంట్లో ఎవరైనా గర్భిణి, బాగా పెద్దవాళ్లు ఉన్నా, పసిపిల్లలు వచ్చినా, చల్లగా ఉంచాల్సిన సరుకేదీ ఆ అరలోంచి తేవద్దు. పిల్లల పాలపొడి డబ్బా అయితే ఎంత తగ్గించినా సరే, ఎప్పుడూ వద్దు.

వెళ్లే వేళ కూడా అడిగారు. మా అక్కయ్యపాలెం వైపు కొట్లో బ్రెడ్, పెరుగు, పిండి పాకెట్ల మీద ఇంకాస్త తగ్గించిన రెండో స్టిక్కరు రాత్రి మూసే ముందు పడుతుంది. మీ దగ్గర ఎప్పుడో అక్కడ అరలు సర్దే అబ్బాయిని అడగండి, మేనేజరు కంటే అతనికే బాగా తెలుస్తుంది.