రాత్రంతా బ్రౌజర్ చూసే పని కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, షాద్‌నగర్ దగ్గర డేటా సెంటర్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్నాడు. 'బ్రౌజర్‌లో ఐపీ అడ్రస్ కొట్టి సర్వర్లు చూడటమే పని' అంటాడు. మా బావమరిది కొడుకు ఏఐ కోర్సులో చేరాడు. మావాణ్ని ఉద్యోగం మాన్పించి, అప్పు చేసైనా అమీర్‌పేటలో చేర్పించాలా? రెండింట్లో ఏది మేలు?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. వాటిలో కోర్సు గురించిన సందేహం కంటే 'చుట్టాలకు ఏమని చెప్పుకోవాలి' అన్న టెన్షనే ఎక్కువ. అందుకే ముందు మీ వాడు చేసే పనేమిటో చూద్దాం.

సర్వర్లంటే వెబ్‌సైట్లు, యాప్‌లు నడిపే పెద్ద కంప్యూటర్లు. వాటికి విడివిడిగా మానిటర్, కీబోర్డ్ పెట్టరు. చాలాచోట్ల వాటిని ఐపీ కేవీఎం (కీబోర్డ్, వీడియో, మౌస్‌లను నెట్‌వర్క్ మీదుగా అందించే పరికరం) అనే స్విచ్‌కు కలుపుతారు. బ్రౌజర్‌లో ఆ స్విచ్ ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరు, కొట్టి లాగిన్ అయితే సర్వర్ల జాబితా వస్తుంది. ఒకదాన్ని నొక్కితే దాని తెర మీ వాడి ముందుకొస్తుంది. మామూలు రిమోట్ డెస్క్‌టాప్‌కు విండోస్ నడుస్తూ ఉండాలి. ఈ స్విచ్ నేరుగా సర్వర్ వీడియో, యూఎస్‌బీ పోర్టులకే తగిలించి ఉంటుంది కాబట్టి, విండోస్ పడిపోయినా నల్లటి తెర మీద 'బూట్ డివైస్ దొరకలేదు' అన్న లైను కనిపిస్తుంది. అక్కడి నుంచే బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల్లోకి వెళ్లి, సర్వర్ ఏ డిస్క్ నుంచి మొదలవ్వాలో చెప్పే బూట్ ఆర్డర్ సరిచూడొచ్చు. జాబితాలో పక్క పేరు నొక్కి రీస్టార్ట్ చేశాడంటే బాగా నడుస్తున్న సర్వర్ ఆగిపోతుంది. రాత్రి రెండు గంటలకు ఆ పని మీ వాడి చేతిలో పెట్టారు. దాన్ని మీరు చిన్నచూపు చూస్తున్నారు!

ఏఐ మంచి సబ్జెక్టే. మూడు నెలల్లో నేర్పేస్తామనే కోర్సుల మీదే నాకు నమ్మకం లేదు. లెక్కలు, ప్రోగ్రామింగ్ గట్టిగా రాకుండా చేరిన పిల్లలు ఇచ్చిన కోడ్ నడిపి చూపిస్తారు. అది ఆగిపోతే ఎందుకు ఆగిందో చెప్పలేరు. అలాంటివాళ్లు సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరకు వచ్చి కూర్చుంటే నాకు బాధేస్తుంది. వచ్చే జీతం ఆపి, వడ్డీకి డబ్బు తెచ్చి ఆ వరుసలో మీ వాణ్ని నిలబెడతారా? బావమరిదితో పోటీకి కొడుకు ఉద్యోగం మాన్పించడం తప్పు. ఈ మాట మీకు కోపం తెప్పించినా సరే.

ఈ పనికి ముందు ముందు గిరాకీ ఉంటుందా అని భయపడకండి. అమెజాన్ హైదరాబాద్ క్లౌడ్ రీజియన్, అంటే సర్వర్లను అద్దెకిచ్చే డేటా సెంటర్ల సముదాయం, 2022 నవంబరులో మొదలైంది. మైక్రోసాఫ్ట్ కూడా అదే ఏడాది ఇక్కడ డేటా సెంటర్లు ప్రకటించింది. ఏఐ నడిచేదీ సర్వర్ల మీదే.

మీ వాడు మాత్రం తెర చూసి పై వాళ్లకు ఫోన్ చేయడంతో ఆగిపోకూడదు. చాలా సర్వర్లలో విండోస్‌కు బదులు ఉండే లైనక్స్, నెట్‌వర్కింగ్ నేర్చుకుని, సిస్కో కంపెనీ పెట్టే సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ పరీక్ష రాయాలి. కొత్త స్విచ్ వస్తే తయారీ కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డ్ ముందు మార్చాలని, ఆ స్విచ్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు వదలకుండా వీపీఎన్ (అనుమతి ఉన్నవాళ్లకే దొరికే సురక్షిత దారి) వెనక ఉంచాలని తెలిసి ఉండాలి.

ఈసారి సెలవుకు ఇంటికొచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, 'ఈ నెల ఏ సర్వర్ పడిపోయింది, నువ్వేం చేశావురా' అని అడగండి. మధ్యలో బావమరిది కొడుకు ఊసెత్తకండి.